ఆఖరోడికి రాకెట్

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొదట కారిన రక్తం నా కొడుకు ముక్కులోంచి కారింది. తర్వాత కారినదాని ముందు అదొక లెక్కే కాదు గానీ, మొదలైంది మాత్రం అక్కడే.

తూంకుంట చౌరస్తాలో చేపలమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికొచ్చేసరికి ఆకాశ్ గడప మీద కూర్చుని ఉన్నాడు. అంగీ ముందు భాగమంతా తడిసి ఎర్రబడింది. పై పెదవి చీలింది, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మా అత్త యాదవ్వ వాడి మొహానికి పసుపు అద్దుతూ, కొట్టినవాళ్ల ఏడు తరాలనూ వరసపెట్టి తిడుతోంది. నా ప్రాణం పోయినంత పనైంది. పోయిన ప్రాణం తిరిగి రాగానే ముందు వాడి వీపు మీద ఒకటి చరిచాను. మేడ్చల్ బస్ డిపో వెనక సందులో ఉన్న ఆటల షాపుకు పోవద్దని పొద్దున్నే నోరు నొప్పి పుట్టేలా చెప్పాను మరి.

ఇంటర్ పరీక్షలు అయిపోయిన దగ్గర్నుంచి వాడు అక్కడే పడి ఉంటున్నాడు. ఆ ఆట ఏమిటో ఆ రోజే నాకు అర్థమైంది. పెద్ద టీవీ ముందు నలుగురు కూర్చుంటారట. తలా ఒక బొమ్మ బండి. పందెం సాగుతుంటే దారిలో డబ్బాలు వస్తాయి. డబ్బాను గుద్దితే లోపల ఏదో ఒకటి దొరుకుతుంది. ముందు పోయేవాడికి దొరికేది కాస్త నూనె, వెనకొచ్చేవాడు జారేలా దారిలో పోయడానికి. అందరికన్నా వెనకబడినవాడికి మాత్రం రాకెట్. అదెక్కితే ముందున్న ముగ్గురినీ గుద్ది పడేసి దూసుకుపోవచ్చు. మావాడు బండి నడపడంలో అక్కడ అందరికీ మొనగాడు. అయినా కావాలని వెనకే ఉన్నాడు. రాకెట్ దొరికాక దాచుకున్నాడు. ఆఖరి మలుపులో వదిలాడు. వేసవి పోటీ అలా గెలిచి బయటికొస్తే, ఓడినవాళ్లు సందులోకి ఈడ్చుకుపోయి హెల్మెట్‌తో బాదారు.

"నేను మోసం జెయ్యలే అమ్మా. డబ్బల ఏమొస్తదనేది లక్కు. గా లక్కు ఏడ దొరుకుతదో తెలుసుకునుడు నా పని," అన్నాడు చీలిన పెదవితోనే.

నీ పని మీద మన్ను పోయ అన్నాను. అప్పుడే మా ఆయన పరమేశ్ చెరువు నుంచి వచ్చాడు. తడి వల భుజం మీదే ఉంది. కొడుకు మొహాన్ని గడ్డం పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. నువ్వెంతమందిని కొట్టావని ఒక్క మాట అడిగాడు. ఒక్కణ్ణి కూడా కొట్టలేదని వాడు చెప్పగానే, బాగున్న చెంప చూసుకుని మరీ ఒకటిచ్చాడు. మా ఇంట్లో ప్రేమైనా కోపమైనా చేతుల్లోంచే వస్తుంది. ఏది ఏదో మాకే తెలుస్తుంది.

మా ఆయన చెయ్యి గురించి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. విసురు వల తాడును మణికట్టుకు చుట్టుకుని, వల అంచును పళ్లతో కరిచి పట్టుకుని, మడతలు మోచేతి మీద వేసుకుని, నడుము ఒక్క తిప్పు తిప్పి వదిలాడంటే, అది నీళ్ల మీద పెద్ద పళ్లెంలా గుండ్రంగా పరుచుకునేది. శామీర్‌పేట నుంచి దేవరయాంజాల్ దాకా అంత గుండ్రంగా వేసేవాడు ఇంకొకడు లేడు. నా మొగుడని చెప్పడం లేదు, పగవాళ్లు కూడా ఒప్పుకునేవాళ్లు.

కానీ మా చెరువులో ఎండాకాలం చేతితో పని జరగదు, చిట్టీతో జరుగుతుంది. నీళ్లు ఇంకిపోయి తూము దగ్గర మాత్రమే లోతు మిగులుతుంది. పెద్ద బొచ్చె చేపలన్నీ అక్కడికే చేరతాయి. అందుకని ప్రతి ఆదివారం మా మత్స్యకారుల సంఘం వాళ్లు అందరి పేర్లూ చిట్టీలు రాసి ఇత్తడి చెంబులో వేస్తారు. మా మరిది ఎల్లేశ్ కూతురు అశ్రిత చెయ్యి పెట్టి తీస్తుంది. మొదటి చిట్టీకి తూము. ఆఖరి చిట్టీలకు, చెరువు నిండితే నీళ్లు పొర్లే మత్తడి పక్కన మోకాలు లోతు బురద, గుర్రపుడెక్క. చిట్టీ ఏ ఇంటికొస్తే ఆ ఇంటివాళ్లే వల వేయాలి. పొరుగు చెయ్యి పడితే ఆ వంతు పోయినట్టే.

సంఘంలో చేరిన నాటి నుంచీ మా ఆయనకు ఎండాకాలం తూము రాలేదు. ఒక్క ఏడు కూడా రాలేదు. పరమేశ్‌ది చెయ్యి మంచిదే, నుదురే బాగలేదని చాయ్ హోటల్ దగ్గర నవ్వుకునేవాళ్లు. ఆ మాట ఆయనకు గొంతులో ముల్లులా ఉండేది. కల్లు తాగిన రోజున బయటపడేవాడు. నీళ్లు తగ్గినప్పుడు ఒక్కసారి, కట్ట మీద అందరూ చూస్తుండగా తూము దగ్గర వల విసరాలి, ఆ తర్వాత చచ్చినా పరవాలేదనేవాడు. ఆయన జీవితంలో అడిగిందల్లా అదే.

ఆకాశ్ దెబ్బలు తిన్న మర్నాడు మధ్యాహ్నం, ఫోన్‌లో అదే ఆట ఆడుకుంటుంటే మా ఆయన పక్కన చేరాడు. కాసేపు చూసి ఇటు తెమ్మన్నాడు. తాడు పట్టి కాయలు కాసిన ఆ వేళ్ల కింద తెర కనబడనే లేదు. బండి గోడలకు గుద్దుకుంటూ, గుంటల్లో పడుతూ, అందరికన్నా వెనకబడింది. అంతలో డబ్బా పగిలి రాకెట్ దొరికింది. బండి ఎగిరి అందరినీ దాటిపోయింది. మా ఆయన మంచం మీంచి లేచి నిలబడ్డాడు. పెళ్లినాడు కూడా ఆ మొహంలో నేను అంత వెలుగు చూడలేదు.

"ఆఖరోనికి రాకెట్ ఎవలిచ్చిండ్రురా?"

"ఆటనే ఇస్తది నాయినా."

"ఎందుకిస్తది?"

"ఇయ్యకుంటె ఎనకున్నోడు ఆడుడు బంద్ జేసి లేసిపోతడు. ఇగ ముందున్నోడు ఎవనితోని ఆడాలె?"

ఆ సాయంత్రం మా ఆయన అన్నం కూడా సరిగా తినలేదు. అన్నంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

ఆదివారం నాడు సంఘం రేకుల షెడ్డు కింద అందరూ కూర్చున్నాక లేచి తన మాట చెప్పాడు. చిట్టీలు వద్దు. పోయిన వారం కాటా మీద అందరికన్నా తక్కువ చేప తూగినవాడికి ఈ వారం తూము. వెనకబడినవాడికి ఒక అవకాశం. గుర్రపుడెక్కలో ఏళ్ల తరబడి ఈడ్చుకుంటున్న వాళ్లంతా అవునవును అన్నారు. అందరికన్నా గట్టిగా మా మరిది ఎల్లేశ్ అన్నాడు. అన్న మాట ధర్మం మాట అని చప్పట్లు కూడా కొట్టాడు. నేను మురిసిపోయాను. సొంత తమ్ముడు కదా.

కట్ట మీద ఇంటికి నడుస్తుంటే ఆకాశ్ తండ్రికి అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"నాయినా, గీ రూలు మనకొద్దు. ఆటల నేనేం జేసిన్నో ఈళ్లు గదే జేస్తరు. కావాలని ఎనకుంటరు."

మా ఆయన నవ్వాడు. "అది బొమ్మ బండి బిడ్డా, ఇది చేప. చేతికొచ్చిన చేపను ఇడ్సిపెట్టెటోడు భూమ్మీద ఎవడన్న ఉంటడా?"

నాకూ ఆ మాట నిజమే అనిపించింది. వలలోంచి చేప జారితే బట్టలతో సహా నీళ్లలో దూకే మగవాళ్లను చూశాను గానీ, కావాలని జారవిడిచేవాణ్ణి మా వాళ్లలో నేనెన్నడూ చూడలేదు. అలాంటివాడు ఉంటాడని ఊహించడానికి కూడా మాకు చేతకాదు.

మొదటి వారం తూము ఒక ముసలాయనకు వచ్చింది. ఆయన చెరువుకు దండం పెట్టి ఏడ్చాడు. మా ఆయన మీసం దువ్వుకున్నాడు. ఆ తర్వాతే మెల్లమెల్లగా బండారం బయటపడింది. మా ఆయన బురదలో వేసినా చేప వచ్చేది, గుర్రపుడెక్కలో వేసినా వచ్చేది. ఆ పాడు చెయ్యి ఊరుకుంటేనా? కాటా మీద ఎప్పుడూ మధ్యలో ఉండేవాడు, ఆఖరు ఎన్నడూ కాలేదు. ఎల్లేశ్ మాత్రం ఒక వారం తూములో దండిగా పట్టేవాడు, మరుసటి వారం నాలుగు చిన్న పరిగె చేపలు కాటాలో పోసి, దిక్కులేనివాడిలా మొహం పెట్టేవాడు. ఆ పై వారం మళ్లీ తూము ఎల్లేశ్‌కే. కుంటిసాకులు చెప్పి ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా వెనకబడటం నేర్చుకున్నారు. షెడ్డు దగ్గర కాలర్లు పట్టుకోవడం మామూలైపోయింది. ఒక రోజు ఒకడు ఇంకొకడి చెవి కొరికాడు.

మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం రోజు దగ్గర పడుతోంది. ఆ రోజు మా దిక్కు చేప తినని ఇల్లుండదు. అందుకని దాని ముందు రోజు చెరువులో పెద్ద పట్టు. చుట్టుపక్కల జనమంతా కట్ట మీదికొస్తారు. ఆ రోజు తూము దగ్గర వల వేయడమంటే మా మగవాళ్లకు రెండోసారి పెళ్లికొడుకైనట్టు. మా ఆయనకు నిద్ర కరువైంది. తన రూలే తన మెడకు చుట్టుకుందని తెలిసిపోయింది గానీ, ఎవరితో చెప్పుకుంటాడు?

అన్నం తింటున్నప్పుడు ఆకాశ్ మళ్లీ నోరు తెరిచాడు. "నువ్వు మంచిగ నడిపెటోనివి నాయినా, నీకు రాకెట్ ఎప్పటికి రాదు. ఒక్క వారం ఖాళీ వలతోని రా. మిరుగం పట్టుకు తూము నీదే అయితది."

కంచం గోడకు తగిలింది. తర్వాత ఫోన్ గడప బండకు తగిలి ముక్కలైంది. తర్వాత ఆకాశ్ గోడకు తగిలాడు. ఖాళీ వలతో రమ్మంటావా అని మా ఆయన వాణ్ణి కాలితో తంతూనే అడిగాడు, అడుగుతూనే తన్నాడు. మా అత్త అడ్డం పడితే గానీ ఆగలేదు. ఆగాక పెరట్లోకి పోయి, కుక్కి మంచంలో మొహం దాచుకున్నాడు. భుజాలు కదలడం చూశాను. దగ్గరికి పోలేదు. కొడుకు చెప్పింది చేయాలన్న ఆశ ఆయనలోనూ పుట్టిందని, అందుకే అంత కొట్టాడని నాకు అర్థమైంది.

ఆ ఆదివారం పొద్దున ఆయన థర్మాకోల్ తెప్ప మీద గుర్రపుడెక్కలో తిరుగుతుంటే గడ దేనికో తగిలింది. చూస్తే నీళ్లలో పాతిన మేకు. మేకుకు కట్టి, నీళ్లలో ముంచిన వల సంచి. సంచి నిండా బతికున్న బొచ్చెలు. ఎవరిదని ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ముడి చూసి గుర్తుపట్టాడు. తమ్ముడికి ఆ ముడి వేయడం నేర్పింది తనే.

షెడ్డు దగ్గర కాటా పెట్టారు. ఎల్లేశ్ తన వంతుకు గుప్పెడు చేపలు పోసి, తల దించుకుని నిలబడ్డాడు. ఈ వారం కూడా గంగమ్మ కరుణించలేదన్నాడు. మా ఆయన సంచి తెచ్చి నలుగురి మధ్య బోర్లించాడు. బొచ్చెలు మట్టిలో ఎగిరెగిరి పడ్డాయి. ఎల్లేశ్ వాటినే చూస్తూ ఉండిపోయాడు.

మా ఆయన తెడ్డు ఎప్పుడు ఎత్తాడో నేను చూడలేదు. మొదటి దెబ్బకే ఎల్లేశ్ తల పగిలి, రక్తం కళ్లలోకి కారింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. కింద పడ్డవాడి రొమ్ము మీద మోకాలు పెట్టి, కొట్టుకుంటున్న చేపను ఒకదాన్ని తీసి నోట్లో కుక్కాడు.

"దాసుకున్నవ్ గద తమ్మీ. తిను."

ఎల్లేశ్ పెండ్లాం భవాని మా ఆయన జుట్టు పట్టుకుని చెయ్యి కొరికింది. విడిపించబోయిన ఇద్దరు తెడ్డు తగిలి పడిపోయారు. నేను వెనక నుంచి నడుము పట్టుకుని వేలాడాను. మోచెయ్యి వచ్చి నా నోటికి తగిలింది, పన్ను ఊడి నాలుక మీద పడింది. ఉమ్మేసి మళ్లీ పట్టుకున్నాను. ఏనుగును ఆపినట్టే ఉంది. ఎల్లేశ్ మొహం నీలం తిరిగింది. చంపేస్తాడని నాకు తెలిసిపోయింది. అంతమందికీ తెలిసిపోయింది. అశ్రిత కాటా పక్కన నిలబడి తండ్రి కాళ్లు కొట్టుకోవడం చూస్తోంది.

మా ఆయన తెడ్డు మళ్లీ ఎత్తాడు. ఆకాశ్ తెప్ప తోసే వెదురు గడ తీసుకుని ముందుకొచ్చాడు. ఎండు కట్టె విరిగిన చప్పుడు వినబడింది. గడ విరిగిందనుకున్నాను. గడ బాగానే ఉంది. మా ఆయన తెడ్డు వదిలేసి, కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, చేపల మధ్య కూర్చున్నాడు. కొడుకు వైపు చూశాడు.

ఎల్లేశ్ బతికాడు. తలకు కుట్లు పడ్డాయి. కేసుల దాకా పోకుండా సంఘం పెద్దలు రెండిళ్లకూ సర్దిచెప్పారు. కొత్త రూలు కొట్టేశారు, ఇత్తడి చెంబు మళ్లీ బయటికొచ్చింది. మా ఆయన ఎముక మాత్రం రెండు చోట్ల విరిగింది. అతుక్కుంటుంది గానీ పిడికిలి మునుపటిలా బిగియదని మేడ్చల్ డాక్టర్ చెప్పాడు. వల విసిరే చెయ్యి అని నేను చెప్తే, ఆ డాక్టర్ ఎక్స్‌రే మళ్లీ ఒకసారి వెలుతురుకు పెట్టి చూశాడు.

ఇంటికొచ్చి ఆకాశ్‌ను చీపురుతో కొట్టాను. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"తల మీద గొడ్తె సస్తడు అమ్మా. చెయ్యి మీద గొడ్తె ఆగుతడనుకున్న," అన్నాడు.

తల మీద కొట్టినా ఇంతకన్నా తక్కువే నొచ్చేదిరా నీ నాయినకు అన్నాను. అని, చీపురు పారేసి, వాడి మీదే పడి ఏడ్చాను. నా మొగుణ్ణి హంతకుడు కాకుండా ఆపింది వాడే. నా మొగుణ్ణి దేనికీ పనికిరాకుండా చేసిందీ వాడే. ఎటు పోయి ఎవర్ని తిట్టాలి నేను?

ఆ రోజు నుంచి తండ్రి కొడుకుతో మాట్లాడలేదు. ఆకాశ్ పెరట్లో తండ్రి వల తీసుకుని ఎండిన నేల మీద విసరడం మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు వేసినా తడి గుడ్డ విసిరినట్టు ముద్దగా పడేది. వల అంచున ఉండే సీసపు గుండ్లు తగిలి వాడి మోకాళ్లు నల్లగా కమిలిపోయాయి. మా ఆయన మంచంలోంచి కాసేపు చూసి, గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

మిరుగం పట్టుకు చిట్టీలు తీసే రోజు మా ఆయన షెడ్డుకు రానన్నాడు. నేనే పోయాను. చెంబులో చెయ్యి పెట్టింది అశ్రితే. తండ్రి కట్టు కట్టుకున్న తలతో పక్కనే కూర్చున్నాడు. ఆ పిల్ల మొదటి చిట్టీ విప్పి, చదివి, తండ్రి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"తూము మా పెద్దనాయినకొచ్చింది," అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నుదురు బాగుపడిందనుకుంటే చెయ్యి పోయిందే అని ఎవరో వెనక గొణిగారు. నేను ఆ చిట్టీని కొంగున ముడేసుకుని ఇంటికి నడిచాను. దారంతా దేవుళ్లను పేరుపేరునా తిట్టాను.

మర్నాడు పొద్దున తూము దగ్గర కట్ట నిండా జనం. మా ఆయన తాడు ఎడమ మణికట్టుకు చుట్టుకున్నాడు. అంచు పళ్లతో కరిచాడు. నడుము తిప్పి వదిలాడు. వల కాళ్ల దగ్గరే కుప్పగా పడింది. మళ్లీ వేశాడు. ఈసారి గుండ్లు విరిగిన చేతికే తగిలి, నొప్పికి మోకాళ్ల మీద పడిపోయాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఇక వంతు వదులుకోమని సంఘం పెద్ద మెల్లగా చెప్పాడు.

మా ఆయన లేచాడు. కుప్పగా పడ్డ వల అంచు తీసి, పక్కనున్న కొడుకు వైపు చాచాడు.

"పట్టు," అన్నాడు ఆకాశ్‌తో. అన్ని రోజుల తర్వాత అదే మొదటి మాట.

వాడు వేశాడు. పెరట్లో పడినట్టే పడింది, ముద్దగా, వంకరగా. సగం విచ్చుకోనే లేదు. కట్ట మీద జనం ఉసూరుమన్నారు. లాగబోతే వల రాలేదు. తాడు బిగుసుకుని వాణ్ణే లోపలికి లాగింది. మా ఇంటి నలుగురం పట్టుకుని గుంజితే, చిక్కుపడిన వలలో చంటిపిల్లంత బొచ్చె. ఆ చెరువులో అంత పెద్దది నేను ఎన్నడూ చూడలేదు. అది పోయి పోయి ఆ ముద్దలో తల దూర్చింది. కట్ట మొత్తం కేకలు పెట్టింది. పరమేశ్ నుదురు తెరుచుకుందని అరిచారు. ఆకాశ్ ఏడుస్తూ, నవ్వుతూ, చేపను రెండు చేతులా ఎత్తుకుని తండ్రి ముందు పెట్టాడు.

మా ఆయన దాని మొప్పలో ఎడమ చేతి వేళ్లు పెట్టి ఎత్తి చూశాడు. చిందరవందరగా పడి ఉన్న వల వైపు చూశాడు. దూరంగా నిలబడ్డ తమ్ముడి వైపు కూడా ఒకసారి చూశాడు. తర్వాత గట్టు అంచున వంగి, చేపను నీళ్లలోకి వదిలేశాడు. అది ఒక్క క్షణం అక్కడే నిలబడి, తోక ఆడించి, లోతుకు పోయింది.

ఈ మనిషికి పిచ్చి పట్టిందనుకున్నాను. ఆయన వల తీసుకుని, ఒక చేత్తో, పళ్లతో, మడతలు ఒక్కొక్కటీ సరిచేసి కొడుకు మోచేతి మీద వేశాడు. వాడి మెడ వెనక గట్టిగా ఒకటి చరిచాడు.

"గది నీకు దొరికింది బిడ్డా, నువ్వు పట్టింది కాదు. మళ్ల ఇసురు. గుండ్రంగ."

ఆకాశ్ వల అంచును పళ్లతో కరిచాడు.